రియాక్టర్‌లో పెద్ద ప్రమాదం జరిగే అవకాశం ఎంత? బెజవాడ, గుంటూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

అణు విద్యుత్ కేంద్రం పెడతామంటున్న కొవ్వాడ పేరు పేపర్లో పడినప్పుడల్లా నాకు ఫోన్లు మొదలవుతాయి. విజయవాడలో ఇంజనీరింగ్ కాలేజీలో థర్మల్ సబ్జెక్టులు చెబుతాను కదా, అందుకని చుట్టాలు, పాత స్టూడెంట్లు, గుంటూరులో ఉన్న విలేకరి మిత్రులు, అందరూ ఇంచుమించు ఇవే అడుగుతారు. ఒక్కొక్కరికీ మొదట్నుంచీ చెప్పే ఓపిక లేక అన్నీ ఇక్కడ పెడుతున్నా. అణు విద్యుత్తు కావాలనో వద్దనో వాదించడం నా పని కాదు. ప్రమాదం లెక్క ఎలా కడతారు, ఆ లెక్కను ఎంతవరకు నమ్మొచ్చు అన్నంత వరకే.

ప్రెషరైజ్డ్ వాటర్ రియాక్టర్ అంటే ఏమిటి? మన దేశంలో ఉన్నవన్నీ అవేనా?

కాదు. కైగా, కాక్రాపార్, నరోరా, రాజస్థాన్‌లలో ఉన్నవి భారజలంతో నడిచే వేరే రకం. కూడంకుళంలో నడుస్తున్న రెండు వెయ్యి మెగావాట్ల రష్యన్ యూనిట్లు మాత్రం ఈ రకమే. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో పెడతామంటున్న ఆరు ఏపీ1000 (ఇది అమెరికన్ డిజైన్ పేరు) యూనిట్లూ ఈ రకమే, ఒక్కోటి 1208 మెగావాట్లు. వీటిలో కోర్ (ఇంధనం ఉండే నడిమి భాగం) చుట్టూ తిరిగే మామూలు నీళ్లు 300 డిగ్రీలు దాటినా మరగవు, ఎందుకంటే వాటిని దాదాపు 155 రెట్ల వాతావరణ పీడనంలో బిగించి ఉంచుతారు. ఆ వేడిని స్టీమ్ జనరేటర్లోని సన్నటి గొట్టాల గోడల మీదుగా ఇంకో నీటికి అందిస్తే, అక్కడ ఆవిరి పుట్టి టర్బైన్ తిరుగుతుంది. ఆ పీడనం, ఆ సన్నటి గొట్టాలు, రెండింటినీ గుర్తుపెట్టుకోండి. కింద మళ్లీ వస్తాయి.

ఇబ్రహీంపట్నం థర్మల్లో యూనిట్ ట్రిప్ అయితే మంట ఆరిపోతుంది, కథ అయిపోతుంది. రియాక్టర్‌ని ఆపేశాక ఇంకా భయమెందుకు?

ఈ ప్రశ్న అడిగింది థర్మల్ స్టేషన్లో రిటైరైన ఒక పెద్దాయన. అసలు విషయమంతా ఇందులోనే ఉంది. కంట్రోల్ కడ్డీలు దిగగానే అణు విచ్ఛిత్తి ఆగిపోతుంది, అది సెకన్ల పని. కానీ అప్పటికే పుట్టిన రేడియోధార్మిక పదార్థాలు వేడిని ఇస్తూనే ఉంటాయి. ఆపిన క్షణంలో ఆ వేడి పూర్తి శక్తిలో ఆరేడు శాతం. మూడు వేల మెగావాట్ల వేడి పుట్టించే రియాక్టర్ అయితే సుమారు 200 మెగావాట్లన్నమాట. ఇబ్రహీంపట్నంలో పాత యూనిట్ ఒక్కోదాని సామర్థ్యం 210. అది కరెంటు, ఇది వేడి, నిజమే, కానీ సైజు అర్థమవుతుంది కదా.

గంట తర్వాత అది ఒకటిన్నర శాతం దగ్గరకు, ఒక రోజు తర్వాత అర శాతానికి అటూ ఇటూగా దిగుతుంది. అర శాతమే కదా అనుకోవద్దు. 15 మెగావాట్ల వేడిని నీళ్లు మరిగించి వదిలించుకోవాలంటే గంటకు ఇరవై టన్నులకు పైగా నీళ్లు కావాలి. అంటే మన వీధుల్లో తిరిగే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు గంటకు నాలుగైదు, రాత్రీ పగలూ, రోజుల తరబడి. రియాక్టర్ భద్రత అంటే చాలావరకు ఈ నీళ్లు ఆగకుండా చూడటమే.

నీళ్లు అందకపోతే?

కోర్లోని నీరు మరిగి మట్టం పడిపోతుంది, ఇంధన కడ్డీలు బయటపడతాయి. కడ్డీల తొడుగు జిర్కోనియం లోహం. 1200 డిగ్రీలు దాటాక అది ఆవిరితో జరిపే చర్య ఉధృతమై, తనే మరింత వేడినీ హైడ్రోజన్‌నూ పుట్టిస్తుంది. అక్కడి నుంచి వేగం మన చేతిలో ఉండదు. తొడుగు పోతే అయోడిన్, సీసియం లాంటివి బయటికొస్తాయి. ఇంధనం కరిగి కింద పేరుకుంటుంది, రియాక్టర్ పాత్ర అడుగును తినేయొచ్చు, ఆ తర్వాత కాంక్రీటును. ఇంతవరకు వెళ్లినదాన్నే ఈ రంగంలో తీవ్ర ప్రమాదం అంటారు. పైపు కారడం, పంపు ఆగడం ఆ కోవలోకి రావు.

అణుబాంబులా పేలుతుందా?

పేలదు. ఇంధనంలో విచ్ఛిత్తికి పనికొచ్చే యురేనియం 3 నుంచి 5 శాతం మాత్రమే, బాంబుకు అది చాలదు. 2011లో ఫుకుషిమాలో టీవీలో చూసిన పేలుళ్లు హైడ్రోజన్‌వి. అన్నట్టు అవి ప్రెషరైజ్డ్ వాటర్ రియాక్టర్లు కావు, కోర్లోనే నీళ్లు మరిగే రకం.

ఎప్పుడూ జరగని ప్రమాదానికి లెక్క ఎలా కడతారు? అంతా ఊహేగా?

మొత్తం ప్రమాదాన్ని ఒకేసారి లెక్క కట్టరు, ముక్కలు చేస్తారు. ముందు ‘ఏదో ఒకటి తప్పింది’ అన్న దగ్గర మొదలుపెడతారు: గ్రిడ్ పోయింది, చిన్న పైపు పగిలింది, స్టీమ్ జనరేటర్‌కు నీళ్లు పంపే ఫీడ్ వాటర్ పంపు ఆగింది. ఆ తర్వాత రియాక్టర్ ఆగిందా లేదా, అత్యవసర పంపు ఎక్కిందా లేదా, వాల్వ్ మూసుకుందా లేదా అంటూ కొమ్మలు వేసుకుంటూ పోతారు. అది ఈవెంట్ ట్రీ. ‘పంపు ఎక్కలేదు’ అన్న ప్రతి కొమ్మకూ కారణాలు తవ్వుతారు: మోటారు కాలిందా, బ్రేకర్ పడలేదా, మెయింటెనెన్స్‌కి తీసి మళ్లీ పెట్టడం మర్చిపోయారా. అది ఫాల్ట్ ట్రీ. పంపులు, వాల్వులు, బ్రేకర్లు ఎన్నిసార్లు మొండికేస్తాయో అనుభవంలో లెక్కలున్నాయి, వాటిని అందులో పోస్తారు.

మొదటిసారి దీన్ని పూర్తి స్థాయిలో చేసింది ఎంఐటీ ప్రొఫెసర్ నార్మన్ రాస్ముస్సెన్ బృందం, 1975లో వాష్-1400 నివేదికగా. అమెరికాలోని సర్రీ అనే ప్రెషరైజ్డ్ వాటర్ కేంద్రాన్నీ, పీచ్ బాటమ్ అనే మరిగే నీటి కేంద్రాన్నీ తీసుకున్నారు. కోర్ కరిగే అవకాశం ఇరవై వేల రియాక్టర్ సంవత్సరాలకు (ఒక రియాక్టర్ ఒక ఏడాది నడిస్తే ఒక రియాక్టర్ సంవత్సరం) ఒకటి అని తేల్చారు. అంతవరకు ఇంజనీర్లందరి దృష్టీ పెద్ద పైపు ఒక్కసారిగా తెగిపోవడం మీదే ఉండేది, డిజైన్లు కూడా దాని చుట్టూనే. ఈ లెక్క మాత్రం అసలు బెడద చిన్న లీకులతో, మామూలు ట్రిప్పులతో, మనుషుల పొరపాట్లతో అని చూపించింది. నన్నడిగితే ఆ నివేదికలో అన్నిటికంటే పనికొచ్చే మాట ఇదే. పత్రికలు పట్టుకున్నది మాత్రం సారాంశంలోని చార్టును, వంద రియాక్టర్ల ముప్పు ఉల్కలు పడే ముప్పంత అని ఊరడించిన చార్టు. 1978లో ఆ నివేదికను సమీక్షించిన లూయిస్ కమిటీ పద్ధతి మంచిదేనంది, కానీ అంకెల్లో అనిశ్చితిని బాగా తక్కువ చేసి చూపారని తప్పుపట్టింది. 1979 జనవరిలో అమెరికా అణు నియంత్రణ సంస్థ ఆ సారాంశానికి తన మద్దతు ఉపసంహరించుకుంది.

అదే ఏడాది మార్చిలో అమెరికాలోని పెన్సిల్వేనియాలో, త్రీ మైల్ ఐలాండ్ అణు కేంద్రంలో ప్రమాదం జరిగింది.

త్రీ మైల్ ఐలాండ్‌లో ఏం జరిగింది? లెక్క తప్పా, మనుషుల తప్పా?

1979 మార్చి 28, తెల్లవారుజామున నాలుగు. ఫీడ్ వాటర్ పంపులు ట్రిప్ అయ్యాయి. టర్బైన్ ఆగింది, రియాక్టర్ ఆగింది, పీడనం పెరిగి ప్రెషరైజర్ (నీటి పీడనాన్ని అదుపులో ఉంచే ట్యాంకు) పైనున్న రిలీఫ్ వాల్వ్ తెరుచుకుంది. ఇంతవరకు అంతా మామూలే. పీడనం తగ్గాక వాల్వ్ మూసుకోవాలి. మూసుకోలేదు. ప్యానెల్ మీద దీపం మాత్రం ఆరింది, ఎందుకంటే ఆ దీపం చెప్పేది వాల్వ్‌కి ‘మూసుకో’ అన్న ఆదేశం వెళ్లిందని మాత్రమే, నిజంగా మూసుకుందని కాదు. అత్యవసర ఫీడ్ వాటర్ లైన్లో మూసి ఉండకూడని వాల్వులు మూసి ఉన్నాయి, అది గమనించేసరికి ఎనిమిది నిమిషాలు.

ఇక అసలు మెలిక. తెరుచుకున్న వాల్వ్‌లోంచి నీళ్లు పోతున్నాయి, కానీ ప్రెషరైజర్లో మట్టం మాత్రం పైకి చూపిస్తోంది. లోపల ఆవిరి బుడగలు కట్టి నీటిని అటు తోస్తున్నాయి. ఆపరేటర్లకు ఇచ్చిన ట్రైనింగ్‌లో ప్రెషరైజర్ నిండిపోనివ్వొద్దని గట్టిగా చెప్పారు. అందుకే దానంతటదే మొదలైన అత్యవసర నీటి సరఫరాను వాళ్లే తగ్గించారు. కోర్ ఎండుతోందని చెప్పే మీటరు ఆ గదిలో లేదు. లీకవుతున్న లైన్లోని ఇంకో వాల్వ్‌ను మూసేసరికి రెండు గంటల ఇరవై నిమిషాలు గడిచాయి. కోర్లో దాదాపు సగం కరిగింది. ఆ సంగతి కూడా ఏళ్ల తర్వాత, లోపలికి కెమెరా దింపాకే తెలిసింది.

మనుషుల తప్పు అని ఒక్క మాటలో తీసిపారేయడం నాకు నచ్చదు. పద్దెనిమిది నెలల ముందు, 1977 సెప్టెంబరులో, ఒహాయోలోని డేవిస్-బెస్సీలో అదే కంపెనీ రియాక్టర్లో అదే రకం వాల్వ్ అలాగే తెరుచుకుని ఉండిపోయింది. అక్కడ తక్కువ శక్తిలో నడుస్తుండటంతో, ఇరవై నిమిషాల్లో పసిగట్టి మూయడంతో గండం గడిచింది. ఆ అనుభవం పెన్సిల్వేనియా కంట్రోల్ రూంలో కూర్చున్నవాళ్ల దాకా చేరలేదు. చిన్న లీకు, మామూలు ట్రిప్పు, మనిషి పొరపాటు: వాష్-1400 వేలెత్తి చూపిన మూడూ ఒకే రాత్రి కలిశాయి.

గ్రిడ్ పోతే పంపులు నడపడానికి రెండు డీజిల్ జనరేటర్లు ఉంటాయిగా, రెండూ ఒకేసారి ఎందుకు చెడిపోతాయి?

మా స్టూడెంట్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. అర్థం కావడానికి గుండ్రని అంకెలు తీసుకుందాం. ఒక్కో జనరేటర్ పిలిచినప్పుడు ఎక్కని అవకాశం వందలో 2 అనుకోండి. రెండూ కలిసి ఎక్కకపోవడం ఎంత? గుణించేసి పది వేలలో 4 అంటారు. ఇంకోటి కలిపితే పది లక్షలలో 8. చూశారా, ముచ్చటగా మూడు జనరేటర్లతో గొడవ వదిలిపోయింది!

వదల్లేదు. రెండూ ఒకే కంపెనీవి, ఒకే ట్యాంకు డీజిల్, ఒకే మెకానిక్, పక్కపక్క గదులు. చెడిపోయిన సందర్భాల్లో పదో వంతు రెండింటినీ కలిపి పడగొట్టే కారణం వల్లే అనుకుంటే, ఆ ఒక్క ముక్కే పది వేలలో 20. మొత్తం 23 దాకా వస్తుంది, గుణకారం చెప్పినదానికి ఆరు రెట్లకు దగ్గర. మూడోది కూడా అదే రకం తెచ్చి అక్కడే పెడితే ఆ 20 పెద్దగా కదలదు. వేరే కంపెనీది, వేరే ఎత్తులో, వేరే ఇంధనంతో పెడితే కదులుతుంది.

2024 సెప్టెంబరు వరదలో విజయవాడ సింగ్ నగర్ వైపు చూసినవాళ్లకు ఇది పుస్తకం అక్కర్లేని పాఠం. మా బంధువుల అపార్ట్‌మెంట్లో మీటర్ బోర్డులు, జనరేటర్, నీళ్ల మోటారు, మూడూ సెల్లార్‌లోనే. మూడు వేర్వేరు వస్తువులు, వాటిని ముంచింది ఒకే నీళ్లు. ఫుకుషిమాలోనూ జనరేటర్లు, స్విచ్‌బోర్డులు ఎక్కువ భాగం బేస్‌మెంట్లలోనే ఉన్నాయి.

వరద, తుఫాను కూడా ఈ లెక్కలో వేస్తారా?

ఇప్పుడు వేస్తారు, వెయ్యాలి. మొదట్లో ఎక్కువగా లోపలి వైఫల్యాల మీదే దృష్టి ఉండేది. 1999 డిసెంబరు 27 రాత్రి ఫ్రాన్స్‌లోని బ్లయే కేంద్రంలో, అవి ప్రెషరైజ్డ్ వాటర్ రియాక్టర్లే, తుఫాను గాలికి అలలు కట్ట దాటి లోపలికొచ్చి కొన్ని భద్రతా పంపుల గదులను ముంచేశాయి. ప్రమాదం తప్పింది, కానీ కట్ట ఎత్తు లెక్కలో ఆటుపోటు మీద గాలి లేపే అలను సరిగ్గా కలపలేదని తేలింది. ఫుకుషిమాలో 5.7 మీటర్ల అలకు సిద్ధపడి ఉంటే వచ్చింది పద్నాలుగు పదిహేను మీటర్లది.

మన సంగతీ చూడండి. 2024లో అందరి కళ్లూ ప్రకాశం బ్యారేజీ మీదే. 2009లో 11.10 లక్షల క్యూసెక్కులు, ఈసారి 11.43 లక్షలు, రికార్డు అన్నారు. బ్యారేజీ నిలబడింది. నగరాన్ని ముంచింది గండ్లు పడిన బుడమేరు. మనం ఎంతో జాగ్రత్తగా కొలిచిన చోటు నుంచి కాక, పెద్దగా పట్టించుకోని చోటు నుంచి నీళ్లొచ్చాయి. ఈ లెక్కలకున్న పెద్ద బలహీనత కూడా అదే: చెట్టులో కొమ్మ వెయ్యని దారికి అంకె ఉండదు.

లక్షలో ఒకటి అంటే లక్ష ఏళ్లకు ఒకసారా?

ఒక్క రియాక్టర్‌కి, ఒక్క ఏడాదికి అన్నమాట అది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సలహా బృందం పెట్టిన గురి: పాత రియాక్టర్లకు కోర్ దెబ్బతినే అవకాశం ఏడాదికి పది వేలలో 1 కంటే తక్కువ, కొత్తవాటికి లక్షలో 1 కంటే తక్కువ. ప్రపంచంలో 400కు పైగా రియాక్టర్లున్నాయి. అన్నీ పది వేలలో 1 దగ్గరే ఉంటే పాతికేళ్లకో కోర్ కరిగినట్టు. త్రీ మైల్ 1979, చెర్నోబిల్ 1986, ఫుకుషిమా 2011 అని చూస్తే ఆ అంకె మరీ గాల్లోంచి ఊడిపడలేదని తెలుస్తుంది. రకాలు వేరు, దేశాలు వేరు, కాబట్టి దీన్ని పట్టుకుని ఇంకేదో తేల్చకండి.

కొవ్వాడకు వేద్దాం. ఆరు యూనిట్లు, అరవై ఏళ్లు, 360 రియాక్టర్ సంవత్సరాలు. లక్షలో 1 చొప్పున అయితే మొత్తం జీవితకాలంలో దాదాపు 280లో ఒక అవకాశం. ఏపీ1000 తయారీదారు చెప్పే అంకె దానికి ఇరవయ్యో వంతు, కోటికి 5. ఇంత చిన్న అంకెలు వచ్చేసరికి నేను అంకెను చూడటం మానేస్తాను. అంత చిన్నదైపోయాక లెక్కలో ఉన్నదానికంటే లెక్కలో లేనిదే పెద్దదై కూర్చుంటుంది.

మరి అంకె నమ్మకపోతే లెక్క కట్టడం దండగ కదా?

దండగ కాదండీ. అంకె కింద ఒక జాబితా ఉంటుంది, ఏ దారి ఎంత వాటా అన్నది. దాన్ని చూసే ఏ వాల్వ్‌ను ఎన్నాళ్లకోసారి పరీక్షించాలి, ఏ పంపు గదికి గోడ కట్టాలి అన్నది తేలుతుంది. వాష్-1400 సర్రీలో ఒక దారి పట్టుకుంది: అధిక పీడనం లైనుకూ తక్కువ పీడనం లైనుకూ మధ్య ఉన్న చెక్ వాల్వులు (నీళ్లు ఎదురు పారకుండా ఆపేవి) విఫలమైతే, నీళ్లు కంటైన్‌మెంట్, అంటే రియాక్టర్ చుట్టూ ఉండే కాంక్రీటు డోమ్, గోడ దాటి నేరుగా బయటి భవనంలోకి పోతాయి. వాల్వులను సరిగ్గా పరీక్షించడం మొదలుపెడితే ఆ ముప్పు బాగా తగ్గింది. ఇలాంటిదొకటి దొరికితే లెక్క ఖర్చు వచ్చేసినట్టే.

కోర్ కరిగితే చుట్టుపక్కల ఊళ్లన్నీ పోయినట్టేనా?

అవసరం లేదు, అందుకే లెక్క మూడు అంచెలు. మొదటిది కోర్ దెబ్బతింటుందా. రెండోది కంటైన్‌మెంట్ నిలుస్తుందా, ఎంత బయటికొస్తుంది, ఎప్పుడు. మూడోది గాలి ఎటు, జనం ఎంత, పొలాలకు ఏమవుతుంది. త్రీ మైల్‌లో సగం కోర్ పోయినా, మధ్యాహ్నం హైడ్రోజన్ అంటుకుని లోపల పీడనం ఎగిసినా, కాంక్రీటు డోమ్ నిలబడింది, అయోడిన్ దాదాపు అంతా లోపలే ఉండిపోయింది. చెర్నోబిల్‌కు అలాంటి డోమే లేదు.

1990లో వచ్చిన నూరెగ్-1150 అధ్యయనం ఐదు అమెరికన్ కేంద్రాలను చూసింది. పెద్ద డోమ్ ఉన్న సర్రీ, జయాన్ లాంటి వాటిలో డోమ్ తొందరగా పగలడం అరుదని, డోమ్‌ను పక్కదారిలో దాటిపోయేవే భయపెట్టేవని తేలింది. ఒకటి పైన చెప్పిన చెక్ వాల్వుల దారి, ఇంకోటి స్టీమ్ జనరేటర్ సన్నటి గొట్టాలు. ఆ గొట్టాలు పగిలితే రేడియోధార్మిక నీరు ఆవిరి లైన్లలోంచి బయటికి దారి వెతుక్కుంటుంది. ఎంత మందం గోడ కట్టినా లాభం ఉండదు. డోమ్ తొందరగా పగలడానికీ, రెండ్రోజుల తర్వాత పగలడానికీ చాలా తేడా ఉంది: ఆలోపు ధూళి చాలావరకు కిందికి దిగుతుంది, జనాన్ని తరలించడానికి టైం దొరుకుతుంది.

కరెంటు మొత్తం పోయిన సంఘటన మన దేశంలో జరిగిందా?

1993 మార్చి 31, నరోరా. భారజల రియాక్టరే, కానీ పాఠం ఉమ్మడిది. టర్బైన్ బ్లేడ్లు విరిగి, మంటలంటుకుని, కేబుళ్లు కాలి, దాదాపు 17 గంటలు కరెంటు లేదు. సిబ్బంది డీజిల్‌తో నడిచే అగ్నిమాపక పంపులతో స్టీమ్ జనరేటర్లకు నీళ్లు పట్టి, కోర్‌ను కాపాడారు. రాస్ముస్సెన్ జాబితాలో ఉన్న దారే అది.

కొత్త డిజైన్లలో ఏం మారింది?

కూడంకుళంలో కరిగిన కోర్ పడితే పట్టుకునే గిన్నె, కరెంటు లేకుండా గాలితో వేడి తీసే ఏర్పాటు ఉన్నాయి. ఏపీ1000లో భవనం నెత్తిన నీళ్ల ట్యాంకు ఉంటుంది, పంపుల్లేకుండా 72 గంటలు గడుస్తుందంటారు. గిన్నె ఉండదు, రియాక్టర్ పాత్ర చుట్టూ నీళ్లు నింపి కరిగినదాన్ని లోపలే ఆపాలన్నది ఆలోచన. పంపులు, డీజిళ్ల మీద ఆధారం తగ్గించడం మంచి దారే. కాకపోతే నీళ్లు తమంతట తామే పారాలన్నా ముందు కొన్ని వాల్వులు తెరుచుకోవాలి.

అయోడిన్ మాత్రలు కొని పెట్టుకోవాలా?

బెజవాడలో అక్కర్లేదు. అవి థైరాయిడ్‌ను రేడియోధార్మిక అయోడిన్ నుంచి మాత్రమే కాపాడతాయి, సీసియం మీద పనిచేయవు, అదీ అధికారులు చెప్పిన టైంకి వేసుకుంటేనే. కొవ్వాడ మనకు సుమారు 400 కిలోమీటర్లు. మన దేశంలో అత్యవసర ప్రణాళికకు చాలాకాలంగా వాడుతున్న పరిధి 16 కిలోమీటర్లు. ఇంత దూరంలో ఆలోచించాల్సింది పాలు, కూరగాయలు, చేపల మీద పెట్టే నిఘా గురించి.

ప్రజాభిప్రాయ సేకరణ పెడితే ఏం అడగాలి?

‘సురక్షితమా’ అని అడిగితే ‘సంపూర్ణంగా’ అంటారు, ఇంటికి రావడమే. ఆ అంకెలో తుఫాను, వరద, భూకంపం, అగ్నిప్రమాదం కలిపారా, లేక లోపలి వైఫల్యాలే చూశారా అని అడగండి. ఆరు యూనిట్లకూ ఒకేసారి గ్రిడ్ పోతే సిబ్బంది, పంపులు, డీజిల్ సరిపోతాయా, లేక ఒక్క యూనిట్‌కే లెక్క కట్టి ఆరుతో గుణించారా అనండి. 2014లో హుద్‌హుద్‌కి విశాఖలో, 2018లో తిత్లీకి శ్రీకాకుళంలో స్తంభాలు ఎలా వాలిపోయాయో వాళ్లకూ తెలుసు. 72 గంటల తర్వాత ట్యాంకులోకి నీళ్లు ఎవరు పంపుతారు, ఆ రోడ్డు మునిగి ఉంటే ఎటు నుంచి వస్తారు? కోర్ దెబ్బతినే మొదటి పది దారుల జాబితా, ఒక్కోదాని వాటా, అడగండి. అంకె ఒక్కటే ఇచ్చి జాబితా ఇవ్వకపోతే మళ్లీ అడగండి, మినిట్స్‌లో రాయించండి.